మంచె కింద నిప్పు: తీపి పంది పక్కటెముకల వెనక ఉన్న చరిత్ర

పోస్టు కొంచెం పెద్దది. తీరిక చూసుకుని చదవండి, నచ్చితే మీ ఊరి పిల్లలకి చదివి వినిపించండి.

అమెరికా వంటల వీడియోలు మనలో చాలామంది చూస్తుంటాం. ఇంటి పెరట్లో మూతున్న ఇనప పొయ్యి ఉంటుంది. పంది పక్కటెముకలు విడివిడిగా కొట్టకుండా పలకలాగా మొత్తం తీసుకుంటారు. దానికి ఉప్పు, కారం, బెల్లం రంగులో ఉండే చక్కెర పట్టిస్తారు. మంట మీద పెట్టరు, మంటకి పక్కన పెట్టి మూత వేస్తారు. ఐదారు గంటలు సన్నటి పొగలో మగ్గాక తియ్యటి సాస్ పూస్తారు. ఎముక పట్టుకుని లాగితే మాంసం మెత్తగా ఊడొస్తుంది. దీన్నే బార్బెక్యూ రిబ్స్ అంటారు. జూలై 4న వాళ్ల స్వాతంత్ర్య దినం వస్తే ఊరూరా ఇదే వంట.

చూసి "అబ్బ, అమెరికా వాళ్ల వంట" అనుకుంటాం. అమెరికా వాళ్లదే, అందులో అబద్ధం లేదు. అయితే ఏ అమెరికా వాళ్లది? ఈ వంటలో ఉన్నవి ఐదే ఐదు: మాంసం పెట్టే చట్రం, పంది, తీపి, పొగ, పక్కటెముక. ఈ ఐదూ ఎక్కడి నుంచి వచ్చాయో ఒక్కొక్కటిగా చూద్దాం. చూశాక మన గూడేల గురించి ఒక మాట చెప్తాను.

1. చట్రం: ఒక ఆదివాసీ జాతి మాట

బార్బెక్యూ అనే మాట ఇంగ్లీషు వాళ్లది కాదు. దానికి మూలం 'బార్బకోవా'. కరీబియన్ సముద్రంలోని క్యూబా, హిస్పానియోలా, ప్యూర్టో రికో, జమైకా దీవుల్లో ఉండే తైనో అనే ఆదివాసుల భాషలోది. హిస్పానియోలా అంటే ఇవాళ హైతీ, డొమినికన్ రిపబ్లిక్ అనే రెండు దేశాలున్న దీవి. గొంజాలో ఫెర్నాండెజ్ డి ఒవియెడో అనే స్పెయిన్ అధికారి 1526లో అచ్చేసిన పుస్తకం ద్వారా ఈ మాట యూరప్‌కి చేరింది.

బార్బకోవా అంటే నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరిచిన చట్రం. దాని కింద సన్నటి నిప్పు పెట్టి, పైన చేపలు, మాంసం పరిచి నిదానంగా కాల్చేవాళ్లు, పొగబెట్టి నిల్వ చేసుకునేవాళ్లు. అలాంటి చట్రం మీదే పడుకునేవాళ్లు, గింజలు దాచుకునేవాళ్లు. ఇంకో వాడకం కూడా ఒవియెడో రాశాడు. మొక్కజొన్న చేలో ఇలాంటి చట్రం కట్టి, పిల్లలు దాని మీద కూర్చుని కేకలేస్తూ చిలకల్ని తోలేవాళ్లట.

ఇది చదివితే మనకి వేరే అర్థం చెప్పక్కర్లేదు. అది మంచె. మన జొన్న చేలో, మొక్కజొన్న చేలో కట్టే మంచె. పొయ్యి మీద దండెం కట్టి చేపలు, మాంసం తునకలు పొగకి ఆరబెట్టే ఇళ్లు మనకీ ఉన్నాయి. తైనోల దగ్గర మనం నేర్చుకోలేదు, మన దగ్గర వాళ్లూ నేర్చుకోలేదు. అడవి పక్కన బతికేవాళ్లకి ఫ్రిజ్ లేని కాలంలో తట్టిన తెలివి అది. పొగ తగిలి, తడి ఆరిపోయిన మాంసానికి పురుగు, బూజు త్వరగా పట్టవని రెండు చోట్లా కనిపెట్టారు.

హమాక్, కెనూ, హరికేన్, టొబాకో లాంటి ఇంగ్లీషు మాటలు కూడా తైనోల నుంచి వచ్చినవే. మాటలు ప్రపంచమంతా తిరిగాయి. మరి ఆ మాటలు పుట్టించిన మనుషుల సంగతేంటి?

1492లో కొలంబస్ దిగాడు. 1495 ప్రాంతంలో ఒక పన్ను వేశారు. బంగారం దొరికే చోట ఉండే 14 ఏళ్లు దాటిన ప్రతి మనిషీ మూడు నెలలకోసారి చిన్న గంట నిండా బంగారు రజను తెచ్చివ్వాలి. తర్వాత మనుషుల్నే స్పెయిన్ వాళ్లకి పంచి గనుల్లో, పొలాల్లో వెట్టి చేయించారు. 1514లో హిస్పానియోలాలో పంచడానికి లెక్క తీస్తే మిగిలింది 26 వేల దరిదాపు. 1518 చివర్లో మశూచి వచ్చి వాళ్లలో కూడా చాలామందిని తీసుకుపోయింది.

ఆ తర్వాత పుస్తకాలన్నీ "తైనోలు అంతరించిపోయారు" అని రాసేశాయి. అయితే 2018లో ఒక పరిశోధన వచ్చింది. బహామాస్‌లో ఒక గుహలో దొరికిన, సుమారు వెయ్యేళ్ల కిందటి స్త్రీ పంటి నుంచి డీఎన్ఏ తీసి చదివారు. ఇవాళ్టి ప్యూర్టో రికో జనాల్లో ఉన్న ఆదివాసీ వారసత్వం ఆమె జనంతో దగ్గరగా కలిసింది. తమని తాము తైనోలమని చెప్పుకునే కుటుంబాలు అప్పటికే ఉన్నాయి. వాళ్లు ఎప్పట్నించో చెప్తున్న మాటకి శాస్త్రం తర్వాతెప్పుడో వంత పాడింది.

2. పంది, చెరకు: ఒకే ప్రయాణంలో

అమెరికా ఖండాల్లో మన ఊరి పంది ఉండేది కాదు. కొలంబస్ 1493లో రెండోసారి వచ్చినప్పుడు దారిలో కానరీ దీవుల్లో ఆగి ఎనిమిది పందుల్ని ఎక్కించుకున్నాడు. అదే ప్రయాణంలో చెరకు ముక్కలు కూడా తెచ్చాడు. తీపి పంది మాంసంలోని తీపి, పంది రెండూ ఒకే ప్రయాణంలో తైనోల నేల మీద దిగాయి.

పందికి కాపలా అక్కర్లేదు, మేత వేయక్కర్లేదు. వదిలేస్తే అడవిలో దొరికింది తిని పిల్లల్ని పెడుతుంది. కొన్నేళ్లకే దీవి నిండిపోయింది. తైనోల కర్రపెండలం తోటల్నీ, మొక్కజొన్న చేలనీ తవ్విపోశాయి. చేలకి కంచె కట్టే అలవాటు ఆ దీవుల్లో లేదు, ఎందుకంటే కంచె దూకే పెద్ద జంతువు అక్కడ లేదు. అడవి పంది పడ్డ చేను పొద్దున్నే చూసినవాళ్లకి ఆ బాధ ఎలాంటిదో తెలుసు.

చెరకుకి మాత్రం చాలా మంది కూలీలు కావాలి. కొట్టాలి, కొట్టిన రోజునో మర్నాడో గానుగ ఆడాలి, రాత్రంతా పెనం కాచాలి. తైనోలు చచ్చిపోతుంటే ఆ పని కోసం ఆఫ్రికా నుంచి మనుషుల్ని బంధించి తెచ్చారు. 1521 చివర్లో హిస్పానియోలాలోని ఒక చెరకు తోటలో బానిసలు తిరగబడ్డారు. ఆ తోట కొలంబస్ కొడుకు డియేగోది. అమెరికా ఖండాల్లో రికార్డుకెక్కిన తొలి బానిస తిరుగుబాట్లలో అదొకటి.

చక్కెర తీశాక మిగిలే నల్లటి చిక్కటి పాకాన్ని మొలాసిస్ అంటారు. తెల్ల చక్కెర యజమానుల బల్లకి, అమ్మకానికి పోయేది. చౌకగా దొరికే మొలాసిస్ బానిసల రేషన్లోకి వచ్చేది. ఇవాళ బార్బెక్యూ సాస్‌కి ఆ ముదురు రంగు, ఆ తీపి ఇచ్చేవాటిలో ఈ మొలాసిస్ ఒకటి. వీడియోల్లో మాంసానికి పట్టించే గోధుమ రంగు చక్కెర కూడా మొలాసిస్ కలిసిన చక్కెరే.

3. పంది కోసం నరికిన చేతులు

1539లో ఎర్నాండో డి సోటో అనే స్పెయిన్ వాడు వందల మంది సైనికులతో ఫ్లోరిడాలో దిగాడు. వెంట 13 పందులు. నడిచే ఆహారం అన్నమాట. అతను బంగారం వెతుకుతూ ఇవాళ్టి జార్జియా, అలబామా, మిసిసిపీ రాష్ట్రాల మీదుగా ఆదివాసుల ఊళ్లు దోచుకుంటూ నడిచాడు. మంద వెంట నడిచింది, పెరిగింది.

1540-41 చలికాలంలో చికసా అనే జాతి ఊళ్లో మకాం వేశాడు. చికసా పెద్దలకి పంది మాంసం వండి పెట్టాడు. వాళ్లకి ఆ రుచి బాగా నచ్చింది. అప్పట్నించి రాత్రిళ్లు వచ్చి పందుల్ని పట్టుకెళ్లడం మొదలైంది. ముగ్గురు దొరికారు. ఇద్దర్ని బాణాలతో చంపించాడు. మూడోవాడి చేతులు రెండూ నరికించి ఊరి పెద్ద దగ్గరికి పంపాడు. దండులో ఉన్న ఒక పోర్చుగీసు మనిషే తర్వాత ఇదంతా రాశాడు.

తమ నేల మీద, తమ గింజలు తిని బలిసిన పందిని పట్టుకుంటే దొంగతనం అయింది. తాము వాళ్ల ఊళ్లలో గింజలు, బట్టలు, మనుషుల్ని పట్టుకుంటే అది యాత్ర అయింది. కొన్ని వారాలకే చికసాలు రాత్రి వేళ మకాం మీద పడి తగలబెట్టారు. 1542లో డి సోటో జ్వరంతో చచ్చాక అతని సొత్తు వేలం వేస్తే అందులో 700 పందులు ఉన్నాయి.

చికసాల కథ అక్కడితో అయిపోలేదు. 1830లో అమెరికా ప్రభుత్వం ఆదివాసుల తరలింపు చట్టం చేసింది. 1837 నుంచి చికసాల్ని సొంత నేల నుంచి లేపి మిసిసిపీ నదికి అవతల, ఇవాళ్టి ఒక్లహోమాకి పంపారు. వాళ్ల ప్రభుత్వం ఇప్పటికీ ఒక్లహోమాలోని ఏడా పట్టణంలో నడుస్తోంది. 1988లో ఒక్లహోమా రాష్ట్రం తమ అధికారిక భోజనం ఏదో ప్రకటించింది. ఆ జాబితాలో బార్బెక్యూ చేసిన పంది మాంసం ఉంది.

4. పొగ: రాత్రంతా మేలుకున్న వాళ్లు

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 1700ల నాటికి బార్బెక్యూ పెద్దవాళ్ల వేడుక అయిపోయింది. దేశపు మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ డైరీలో బార్బెక్యూలకి వెళ్లొచ్చిన రోజులు రాసుకున్నాడు. ఎన్నికలొస్తే బార్బెక్యూ, జూలై 4 వస్తే బార్బెక్యూ. తెల్లవాళ్లు పొద్దున వచ్చి తిని, ఉపన్యాసాలిచ్చి వెళ్లేవాళ్లు.

వంట ముందు రోజే మొదలయ్యేది. నేలలో పొడవాటి గొయ్యి తవ్వాలి. హికరీ, ఓక్ కట్టెలు వేరే చోట కాల్చి, పారతో నిప్పులు తెచ్చి గోతిలో పరచాలి. పైన కర్రలు అడ్డం పెట్టి జంతువుని పరచాలి. నిప్పు ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. తక్కువైతే మాంసం పాడవుతుంది. రాత్రంతా ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి. ఆ మనిషి బానిస. గొయ్యి తవ్వింది, కట్టె కొట్టింది, రాత్రంతా నిప్పు చూసింది, తిప్పింది, కోసింది ఎక్కువగా బానిసలే. కర్రల చట్రం, సన్నటి నిప్పు ఆదివాసుల పద్ధతి. దానికి మిరపకారం, పులుపు పూతలు, తమ చేతి వాటం కలిపి వాళ్లు దాన్ని ఒక విద్యగా చేశారు.

ఆ రాత్రుల గురించి వాళ్ల నోటి మాటే మనకి ఉంది. 1936 నుంచి 1938 వరకు అమెరికా ప్రభుత్వం జీతాలిచ్చి రచయితల్ని పంపి, బానిసత్వం చూసి ఇంకా బతికున్న ముసలివాళ్ల దగ్గర 2,300కి పైగా జ్ఞాపకాలు రాయించింది. సౌత్ కరోలినాలో వెస్లీ జోన్స్ అనే ఆయనకి అప్పటికి 90 దాటాయి. బార్బెక్యూకి ముందు రాత్రంతా తను మేలుకునేవాణ్ణని చెప్పాడు. వెనిగర్, మిరియాలు, ఎర్ర కారం, ఉప్పు, వెన్న, ధనియాలు, ఉల్లి, వెల్లుల్లి, కొన్ని ఆకులు కలిపిన పులుసు తయారుచేసి, పొడవాటి కర్రకి మెత్తని గుడ్డ చుట్టి దానితో మాంసానికి పూస్తూనే ఉండేవాడట. కొంతమంది అందులో కొంచెం చక్కెర కూడా వేస్తారని చెప్పాడు. ఆ పులుసు నిప్పుల్లోకి కారితే లేచే పొగే మాంసానికి రుచి తెస్తుందని కూడా వివరించాడు. ఇవాళ వంట శాస్త్రం పుస్తకాలు చెప్పేది కూడా అదే. కొవ్వు, రసం నిప్పు మీద పడి ఆవిరై మళ్లీ మాంసానికి పడతాయి.

బానిసకి మామూలు రోజుల్లో ఏం దొరికేది? ఫ్రెడరిక్ డగ్లస్ తన 1845 పుస్తకంలో లెక్క రాశాడు. పెద్దవాళ్లకి నెలకి 8 పౌన్ల పంది మాంసం, లేకపోతే అంత చేప, ఒక బుషెల్ మొక్కజొన్న పిండి. 8 పౌన్లు అంటే మూడున్నర కిలోల పైచిలుకు. నెలకి.

నిప్పు చుట్టూ కూర్చోవడానికి ఇంకో అర్థం కూడా ఉండేది. 1831 ఆగస్టు 21న వర్జీనియాలో నాట్ టర్నర్ తిరుగుబాటుకి ముందు మాట్లాడుకోవడానికి అతని సహచరులు అడవిలో కలుసుకున్నారు. హార్క్ అనే ఆయన ఒక పందిని తెచ్చాడు. వండుకుని తింటూ ఆ రాత్రి ఏం చెయ్యాలో నిర్ణయించుకున్నారు. తిరుగుబాటుని అణిచేశారు, టర్నర్‌ని ఉరి తీశారు. ఆ తర్వాత వర్జీనియాలో నల్లవాళ్లు గుమిగూడటం మీద, చదువుకోవడం మీద ఆంక్షలు బిగించారు. పదిమంది ఒకచోట కూర్చుని తింటే పాలకులకి భయం ఎందుకో మన చరిత్ర తెలిసినవాళ్లకి వివరించక్కర్లేదు.

1865లో బానిసత్వం చట్టప్రకారం పోయింది. ఆ ఏడాది జూన్ 19న టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో విడుదల ప్రకటన చదివారు. మర్నాటి ఏడాది నుంచి ఆ రోజున చేసుకునే జూన్‌టీన్త్ పండగలో బార్బెక్యూ ముఖ్యమైన వంట. అదే గొయ్యి, అదే నిప్పు. ఈసారి తినేది వండినవాళ్లే.

5. పక్కటెముక: ఎవరికీ అక్కర్లేని ముక్క

గొయ్యిలో పందిని మొత్తంగా పరిచేవాళ్లు కదా, మరి పక్కటెముకలు మాత్రమే వండటం ఎక్కడ మొదలైంది? రైలు, ఐసు, కబేళాల వల్ల.

కాన్సస్ సిటీలో 1871లో పెద్ద పశువుల సంత పెట్టారు. ఆర్మర్, స్విఫ్ట్, కుడాహీ లాంటి కంపెనీల కబేళాలు వచ్చాయి. ఐసు పెట్టెల రైళ్లు రాగానే మాంసాన్ని ముక్కలుగా కోసి దూరపు నగరాలకి పంపడం మొదలైంది. వెన్ను ముక్క, తొడ, బేకన్ చేసే పొట్ట భాగం మంచి ధరకి పోయేవి. పక్కటెముకలకి మాంసం తక్కువ, ఎముక ఎక్కువ, పీపాల్లో సర్దడం కష్టం. అందుకని కబేళా ఉన్న ఊళ్లోనే చవగ్గా వదిలించుకునేవాళ్లు. ఆ కబేళాల్లో కూలి చేసేవాళ్లలో దక్షిణాది నుంచి వచ్చిన నల్లవాళ్లు కూడా ఉన్నారు. పొగ విద్య వాళ్ల చేతుల్లో ఉంది, చవక ముక్క ఎదురుగా ఉంది.

హెన్రీ పెర్రీ టెనెసీలో మెంఫిస్ దగ్గర పుట్టాడు. నది పడవల వంటశాలల్లో పనిచేసి 1907లో కాన్సస్ సిటీ చేరాడు. ఒక సందులో చిన్న బండి పెట్టి, పొగబెట్టిన పక్కటెముకల్ని పాత న్యూస్‌పేపర్లో చుట్టి పలక 25 సెంట్లకి అమ్మాడు. తర్వాత నల్లవాళ్ల పేటలో, ట్రాములు నిలిపే పాత షెడ్డులో దుకాణం పెట్టాడు. కొనేవాళ్లలో నల్లవాళ్లూ ఉన్నారు, తెల్లవాళ్లూ ఉన్నారు. ఆయన సాస్ తియ్యగా ఉండేది కాదు, మిరియాల ఘాటుతో మండేది. 1940లో ఆయన చనిపోయాక దుకాణం చార్లీ బ్రయంట్ చేతికి, 1946లో అతని తమ్ముడు ఆర్థర్ బ్రయంట్ చేతికి వచ్చింది. ఆర్థర్ ఆ ఘాటుని తగ్గించాడు. పెర్రీ దగ్గర పని నేర్చిన ఇంకో మనిషితో కలిసి గేట్స్ కుటుంబం 1946లోనే మరో దుకాణం మొదలెట్టింది. ఇవాళ ప్రపంచం 'కాన్సస్ సిటీ బార్బెక్యూ' అనేది ఈ మనుషుల నుంచి వచ్చింది.

6. తీపి సీసాలోకి, పొగ పెరట్లోకి

1952లో షికాగో దగ్గర జార్జ్ స్టీఫెన్ అనే ఆయన నీళ్ల మీద తేలే ఇనప గుండు సగానికి కోసి, కాళ్లు, మూత పెట్టి పొయ్యి చేశాడు. అదే వెబర్ కెటిల్. మూత రావడంతో గొయ్యి తవ్వాల్సిన పని తప్పింది. బొగ్గు బిళ్లలు అంతకుముందే, 1920ల్లో ఫోర్డ్ కార్ల కంపెనీ రంపపు పొట్టుతో చేయడం మొదలెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊరి బయట పెరడున్న కొత్త ఇళ్ల కాలనీలు లేచాయి. రాత్రంతా పదిమంది చేసే పని ఒక ఇంటాయన ఆదివారం మధ్యాహ్నం చేసే సరదా అయింది.

కానీ ఆ పెరడు అందరిదీ కాదు. 1947లో మొదలైన లెవిట్‌టౌన్ లాంటి కాలనీల్లో తెల్లవాళ్లు తప్ప వేరేవాళ్లు ఉండకూడదని కాగితాల్లోనే రాసుకున్నారు. హోటళ్లలో ఇంకా విచిత్రం. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఓలీస్ బార్బెక్యూ అని ఒక హోటల్ ఉండేది. అందులో 36 మంది పనివాళ్లుంటే మూడింట రెండొంతులు నల్లవాళ్లు. నల్లవాళ్లు లోపల కూర్చుని తినడానికి లేదు, పొట్లం కట్టించుకుని పోవాలి. వండటానికి లోపల, తినటానికి బయట. 1964లో పౌరహక్కుల చట్టం రాగానే ఆ యజమాని కోర్టుకెళ్లాడు. డిసెంబర్ 14, 1964న సుప్రీంకోర్టు జడ్జిలంతా ఒకే మాటగా చట్టమే గెలుస్తుందని తీర్పిచ్చారు.

1977లో రిచ్ డేవిస్ అనే పిల్లల మానసిక వైద్యుడు కాన్సస్ సిటీ పేరుతోనే చిక్కటి తియ్యటి సాస్ సీసాల్లో అమ్మడం మొదలెట్టాడు. అది బాగా పోయింది. 1986లో దాన్ని బ్లీచింగ్ ద్రవం అమ్మే క్లోరాక్స్ కంపెనీ కొనుక్కుంది. బొగ్గు బిళ్లల కంపెనీ అప్పటికే దానిదే. బొగ్గూ సాసూ ఒకే కంపెనీ లెక్కలోకి చేరాయి. బార్బెక్యూ అంటే ఇలాగే తియ్యగా ఉండాలని ప్రపంచం అనుకునేలా చేసింది ఆ సీసాలే.

ఇందులో ఎవరూ దొంగతనం చేశారని నేను అనట్లేదు. డాక్టరు తన సాస్ తను చేసుకున్నాడు. అయితే పెర్రీ పేరు ఆ ఊరి బయట చాలాకాలం ఎంతమందికి తెలుసు? ఏడ్రియన్ మిల్లర్ అనే నల్లజాతి రచయిత 2021లో 'బ్లాక్ స్మోక్' అనే పుస్తకం రాసి, ఆదివాసుల దగ్గర్నించి నల్లవాళ్ల వరకు ఈ పొగ వెనకున్న పేర్లన్నీ వరసగా పెట్టాల్సొచ్చింది.

7. మన పెరట్లో చెయ్యాలంటే

చరిత్ర అయ్యాక కడుపు సంగతి. మనలో పంది తినే తెగలున్నాయి, ముట్టని తెగలున్నాయి. తినేవాళ్లు హాస్టల్లో, కాలేజీలో ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడేలా చేసే చూపులు కూడా మనకి తెలుసు. తినేవాళ్ల కోసం ఇది.

సగం కోసిన డ్రమ్ము, మీద రేకు మూత ఉంటే చాలు. నిప్పులు ఒక పక్క, మాంసం రెండో పక్క. మధ్యలో గిన్నెతో నీళ్లు. పక్కటెముకల వెనక పల్చటి పొర ఉంటుంది, గుడ్డతో పట్టుకుని లాగేయండి. లేకపోతే ఉప్పు లోపలికి పోదు. ఉప్పు, కారం, మిరియాలు, దంచిన బెల్లం పట్టించండి. నిప్పుల మీద జామ, మామిడి ఎండు కట్టె ముక్క ఒకటో రెండో వేయండి. రంగులేసిన చెక్క, ప్లైవుడ్, జిగురు కారే చెట్ల కట్టె వద్దు. పొగ సన్నగా ఉండాలి. చిక్కటి తెల్ల పొగ చేదు తెస్తుంది.

లోపలి వేడి 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఎందుకంత నిదానం అంటే, పక్కటెముకల మధ్య గట్టి నరాల్లాంటి కొలాజెన్ ఉంటుంది. అది కరిగి జిగటగా మారాలంటే గంటలు పడుతుంది. మాంసం వేడి 70 డిగ్రీల దగ్గర ఒకచోట ఆగిపోయినట్టు ఉంటుంది. మనకి చెమట పట్టి ఒళ్లు చల్లబడినట్టు దాని తడి ఆవిరవుతూ చల్లబరుస్తుంది. కంగారుపడి నిప్పు పెంచకండి. లోపల 90 దాటాక మెత్తబడుతుంది. కోస్తే అంచున గులాబీ రంగు గీత కనిపిస్తుంది. పచ్చి అని భయపడక్కర్లేదు, పొగలోని వాయువులు మాంసం రంగుని అలా పట్టి ఉంచుతాయి. బెల్లం పాకం, చింతపండు కలిపిన పూత మాత్రం చివరి అరగంటలోనే వేయాలి. ముందే వేస్తే తీపి మాడి చేదవుతుంది.

రెండు జాగ్రత్తలు. ఊళ్లో తిరిగే పందుల మాంసంలో బద్దెపురుగు తిత్తులు ఉండొచ్చు, అందుకని సగం ఉడికింది తినొద్దు. ఇంకోటి, బొగ్గుల పొయ్యి మూసిన గదిలో ఎప్పుడూ పెట్టొద్దు. వాసన లేని విషవాయువు ప్రాణం తీస్తుంది.

8. మనకి ఇందులో ఏముంది

ఇప్పుడు మొదట్లో చెప్తానన్న మాట. అరకు దారిలో, మారేడుమిల్లిలో బొంగులో చికెన్ చూస్తున్నాం. పచ్చి వెదురు బొంగులో మాంసం కూరి, ఆకు మూత పెట్టి నిప్పుల్లో తిప్పడం మన అవ్వల, తాతల వంట. రోడ్డు పక్కన మనవాళ్లు అమ్ముకుంటున్నారు, సంతోషం. కానీ హైదరాబాద్, విశాఖ హోటళ్ల మెనూల్లోనూ అది చేరింది. కార్డు మీద 'ట్రైబల్ స్టైల్' అని ఉంటుంది. ఏ తెగ, ఏ ఊరు, ఎవరి చెయ్యి అని ఉండదు.

బార్బకోవా కథ చదివితే ఇది ఎటు పోతుందో తెలుస్తుంది. మొదట మాట తీసుకుంటారు. తర్వాత పద్ధతి. తర్వాత మనిషి పేరు పోయి రుచి ఒక్కటే మిగులుతుంది. యాభై ఏళ్లకి దాని మీద వేరే ఊరి సీసా వస్తుంది.

మన చేతిలో తైనోలకి లేనిది ఒకటుంది. అటవీ హక్కుల చట్టం 2006లో సెక్షన్ 3, ఒకటో ఉపసెక్షన్, 'కె' క్లాజు చూడండి. జీవవైవిధ్యం, సాంస్కృతిక వైవిధ్యాలకి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధో సంపత్తి మీద సమాజానికి ఉమ్మడి హక్కు ఉందని రాసి ఉంది. పోడు పట్టాల గురించి అందరం మాట్లాడతాం, ఈ క్లాజు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అయితే హక్కు అడగాలంటే ముందు ఆ జ్ఞానం ఫలానా ఊరిది, ఫలానా వాళ్లదని మన దగ్గర రాత ఉండాలి.

వెస్లీ జోన్స్ దగ్గరికి ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వెళ్లబట్టి ఆయన రాత్రులు మనదాకా వచ్చాయి. ఆయనలా మేలుకున్న వేలమంది పేర్లు పోయాయి. కాబట్టి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అవ్వ దగ్గర, తాత దగ్గర కూర్చోండి. ఫోన్ రికార్డర్ పెట్టండి. మాంసం ఎలా ఆరబెట్టేవాళ్లు, ఏ కట్టె వాడేవాళ్లు, ఏ కట్టె వాడకూడదు, ఏ పండగకి ఎవరు కోసేవాళ్లు, ఎవరి వాటా ఏది, దానికి మన భాషలో ఏమంటారు, ఇవన్నీ అడగండి. తెలుగులోకి మార్చకుండా వాళ్ల మాట వాళ్ల మాటలాగే రాయండి. కింద వాళ్ల పేరు, ఊరి పేరు, తేదీ వేయండి. వాళ్లని అడిగి, ఒప్పుకుంటేనే గ్రూపులో పెట్టండి. ఒక్కో ఊరి నుంచి ఒక్కటి వచ్చినా వచ్చే సంక్రాంతికి మన దగ్గర ఒక పుస్తకం ఉంటుంది.

జోహార్.